చేతులు వెనక్కి

జూన్ 2, సోమవారం

చివరి అధ్యాయం అక్క దిద్దిందా, లేదా?

ఇరవై రెండేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే కాపురముంటోంది. ఖాళీ చెయ్యమంటే చెయ్యదు, అలాగని పెద్దగా అల్లరీ చెయ్యదు. ఎం.ఏ. చివరి సంవత్సరంలో పరిశోధన వ్యాసం చేత్తో రాసి, జ్వరంతో మంచమెక్కాను. టైపు చేసి ఇచ్చింది అక్క. తయారైన ప్రతి చూసుకుంటే చివరి అధ్యాయంలో ఒక పేరా ఉంది. చాలా బాగుంది. నేను రాసినట్టు లేదు, అంత బాగుంది. పరీక్షకుడు సరిగ్గా దాని పక్కనే పెన్సిలుతో గీత గీసి మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో మార్కులు, ఆ మార్కులతో ఈ లైబ్రరీ ఉద్యోగం. చేతిరాత కాగితాలు ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయాయి. జ్వరంలో నేనే రాసి మర్చిపోయానేమో. అక్కే రాసిందేమో. ఒక్కసారి అడిగితే తేలిపోయేది. అడగలేదు.

ఇవాళ ఎందుకు గుర్తొచ్చిందంటే, పిల్లల రోబో గదికి నియమాలు రాసి తగిలించమన్నారు మా పెద్ద లైబ్రేరియన్. పది రాద్దామని కూర్చుని ఒకటే రాశాను, అట్ట మీద, లావుపాటి మార్కరుతో: "ఈ గదిలోకి వచ్చే పెద్దలు చేతులు వెనక్కి కట్టుకోవలెను."

పిల్లలు కట్టిన బండిని పిల్లలే ముట్టుకోవాలి. చెడితే వాళ్ళే బాగుచేసుకోవాలి. పెద్దలు చూడొచ్చు, అడగొచ్చు, పొగడొచ్చు. వేలు మాత్రం పెట్టకూడదు.

పెద్ద లైబ్రేరియన్ కళ్ళజోడు పైకి జరుపుకుని చదివారు. "మీకూ వర్తిస్తుందా ఇది?" అన్నారు.

"ముందు నాకేనండీ" అన్నాను. ఎంత ధీమాగా అన్నానో!

జూన్ 7, శనివారం

పాత పత్రికల గది ఇప్పుడు రోబో గది. ఎంత తుడిచినా కాగితాల వాసన పోలేదు, దానికి ఇప్పుడు వేడెక్కిన మోటారు వాసన తోడైంది. శనివారం శనివారం నలుగురు వస్తారు. లాయరు అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వాడం. వాడికి పద్నాలుగేళ్ళు, స్క్రూ ఎటు తిప్పాలన్న దాని మీద కూడా వాదిస్తాడు. కవల అక్కచెల్లెళ్ళు ఒకరు మొదలుపెట్టిన వాక్యం ఇంకొకరు పూర్తి చేస్తారు, అంచేత ఇద్దరినీ కలిపి ఒక మనిషి కిందే లెక్క. నాలుగోదాన్ని అందరూ 'నిదానం' అంటారు. పన్నెండేళ్ళు. సందు చివరి దర్జీగారమ్మాయి. పది నిమిషాలు చూసి ఒక తీగ కలుపుతుంది. ఆ కలిపింది మళ్ళీ ఊడదు.

వాళ్ళు చేస్తున్నది చిన్న బండి. తిరిగొచ్చిన పుస్తకాన్ని వీపు మీద పెడితే, నేల మీది నల్ల టేపును చూసుకుంటూ మా బల్ల దగ్గర నుంచి బీరువా దాకా మోసుకుపోవాలి. దానికి 'అల్లుడు' అని పేరు పెట్టారు. ఎందుకురా అంటే లాయరు వివరించాడు: "ఎంత మర్యాద చేసినా ఏదో ఒక వంక పెట్టి ఆగిపోతుంది మేడమ్. ఎందుకు ఆగిందో చెప్పదు. మనమే కనుక్కోవాలి."

ఇవాళ మూడుసార్లు అలిగాడు. కవలలు బతిమాలారు. నిదానం బతిమాలలేదు, బోర్లా తిప్పి చూసింది.

పక్కన చదువుకునే గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చారు. రిటైరై పదేళ్ళయింది. రోజూ పొద్దున పేపరు కోసం వస్తారు, మధ్యాహ్నం దాకా ఫిర్యాదు కోసం ఉంటారు. "అమ్మా, ఇది గ్రంథాలయమా, పిండిమరా?" అని గుమ్మంలో నిలబడ్డారు.

"మాస్టారూ, చేతులు వెనక్కి!" అని నలుగురూ ఒకేసారి అరిచారు. ఆయన ఉలిక్కిపడి కర్రతో సహా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. అలాగే పావుగంట నిలబడి చూశారు. ఫిర్యాదు సంగతి మర్చిపోయినట్టున్నారు.

నాకో విషయం నచ్చింది, రాసుకోవాలి. బండికి ఏం చేసినా పని పుస్తకంలో రాయాలని పెట్టాను: తేదీ, ఏం చేశారు, ఎందుకు చేశారు. నోటు పుస్తకమే, కానీ దాని వీపుకి నంబరు చీటీ అంటించి, యంత్రాల పుస్తకాలుండే 629 వరసలో మిగతా పుస్తకాల మధ్య పెట్టాను. కవలలు పగలబడి నవ్వారు. నిదానం నవ్వలేదు. ఆ చీటీని వేలితో ఒకసారి తడిమి చూసింది.

జూన్ 10, మంగళవారం

శనివారం పైనుంచి పెద్ద ఆఫీసరు వస్తున్నారట. రోబో గది చూస్తారట. అది కాగానే రెండు వారాలకు నాలుగు లైబ్రరీల పోటీ.

అల్లుడు ఇవాళ సాయంత్రం ఒక్క అలక కూడా లేకుండా నాలుగుసార్లు నడిచాడు. నిదానం పని పుస్తకంలో చాలాసేపు ఏదో రాసుకుంది. అడగలేదు.

దర్జీగారు కూతుర్ని తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడి చేతులు వెనక్కి కట్టుకున్నారు. ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, అట్ట చదివారు. "శనివారాలు కొట్లో బొత్తాలు కుట్టేది మేడమ్ ఇది. ఇక్కడికి పంపిస్తుంటే వాళ్ళమ్మ గొణుగుతోంది. దీనివల్ల ఏం పనికొస్తుందీ అని" అన్నారు, ఎవరి మీదా తప్పు లేనట్టు.

"పనికొస్తుందండీ. తీగల పని మొత్తం మీ అమ్మాయే చూస్తోంది. ఆ పని ఇంకెవరికీ ఇవ్వను" అన్నాను.

నిదానం చెవులు ఎర్రబడ్డాయి.

జూన్ 13, శుక్రవారం

రేపు ఆఫీసరు. గదంతా నేనే ఊడ్పించాను. అయిదింటికి అందరూ వెళ్ళాక అల్లుడి మీద దుమ్ము కనిపిస్తే తుడిచాను. దుమ్ము తుడవడం ముట్టుకోవడం కాదు.

తుడుస్తుంటే తీగలు కనిపించాయి. కుడి మోటారుకి ఎర్ర తీగ ఎర్ర గుర్తు దగ్గర, నల్లది నల్ల గుర్తు దగ్గర, ముచ్చటగా ఉన్నాయి. ఎడమ వైపు తారుమారు! పాపం, నిదానం కూడా హడావుడి పడినట్టుంది. ఆఫీసరు ఇంజినీరింగు చదివినాయన అని విన్నాను, మొదట ఇదే చూస్తాడు. చిన్న స్క్రూడ్రైవరుతో రెండు తీగలూ విప్పి, వాటి వాటి చోట పెట్టాను. ఎర్రది కాస్త పొట్టిదైంది, లాగితే అందింది. వేలాడుతున్నవన్నీ కలిపి, పుస్తకాలు కుట్టే తెల్ల దారంతో ఒక ముడి వేశాను. చూడ్డానికి ఎంత బాగుందో.

ఇది బండిని ముట్టుకోవడం కిందికి రాదు. సర్దడం.

నడిపి చూద్దామనుకున్నాను. బ్యాటరీ రేపటికి ఉండనీ అని ఊరుకున్నాను.

జూన్ 14, శనివారం

రాయబుద్ధి కావడం లేదు.

జూన్ 15, ఆదివారం

సరే, రాస్తాను.

ఆఫీసరు అరగంట ముందే వచ్చేశారు. నిదానం నా దగ్గరికొచ్చి, "ఒక్కసారి నడిపి చూసుకుంటాం మేడమ్" అంది. "మొన్న నాలుగుసార్లు నడిచింది కదమ్మా, ఇప్పుడు ఆయన్ని నిలబెట్టడం బాగుండదు" అన్నాను. ఇది నేనే అన్నాను.

అల్లుడి వీపు మీద పుస్తకం పెట్టారు. లాయరు చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. కవలలు స్విచ్చి వేశారు. అల్లుడు టేపు మీద ముందుకు పోవడం మానేసి ఉన్నచోటే గిర్రున తిరగడం మొదలుపెట్టాడు. ఒక చక్రం ముందుకి, ఒక చక్రం వెనక్కి. మూడో చుట్టుకి పుస్తకం ఎగిరి మాస్టారి కర్రకి తగిలింది, కర్ర పడి పూలకుండీకి తగిలింది. ఆఫీసరు నవ్వారు. "డాన్సు కూడా నేర్పించారే!" అన్నారు. మంచి మనిషే. కానీ ఆయన నవ్వాక అందరూ నవ్వారు, పిల్లలు నలుగురు తప్ప.

ఆయన వెళ్ళాక లాయరు కోర్టు పెట్టాడు. "తీగలు ఎవరి పని?"

"నిదానం" అన్నారు కవలలు, సగం సగం.

"తీగలు తప్పితేనే ఇలా తిరుగుతుంది. పోటీ రెండు వారాల్లో ఉంది. ఇక నుంచి తీగలు నేను చూస్తాను. ఎవరికైనా అభ్యంతరమా?"

నిదానం ముందుకొచ్చింది. అల్లుణ్ణి బోర్లా తిప్పింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి నావైపు చూసింది. ఎందుకు చూసిందో మరి. సంచీ తీసుకుని వెళ్ళిపోయింది.

బ్యాటరీ తక్కువై ఉంటుంది. తక్కువ కరెంటుకి మోటార్లు వింతగా ప్రవర్తిస్తాయని ఎక్కడో చదివాను. లేదా నేల. ఆ మూల నేల ఎగుడుదిగుడు.

నేను తీగల్ని ఉండాల్సిన చోటే పెట్టాను కదా.

జూన్ 16, సోమవారం

బ్యాటరీ నిండుగానే ఉంది.

జూన్ 17, మంగళవారం

మధ్యాహ్నం 629 వరస సర్దుతుంటే పని పుస్తకం చేతికొచ్చింది. వీపు మీద చీటీ నేనే అంటించాను. తీసి చదవడం మాత్రం ఇదే మొదటిసారి. రోజూ ఎంతమందికి చెబుతాను, "అడిగేముందు ఒకసారి పుస్తకం తీసి చూడండి" అని!

జూన్ 10 పేజీ. గుండ్రటి అక్షరాలు.

"ఎడమ మోటారు తీగలు తారుమారుగా ఉన్నాయి. తెలిసే పెట్టాను. ఎర్ర తీగ పొట్టిది. సరైన చోటికి లాగితే బిగుసుకుపోయి ఊడే ప్రమాదం ఉంది. అందుకని తీగలు అలాగే ఉంచి, ప్రోగ్రాంలో ఎడమ మోటారుకి మైనస్ పెట్టాను. ఇప్పుడు రెండు చక్రాలూ ఒకే వైపు తిరుగుతున్నాయి. తీగలు మారిస్తే గిర్రున తిరుగుతుంది. దయచేసి ఎవరూ మార్చకండి."

'దయచేసి' కింద రెండు గీతలు.

నిలబడే చదివాను. మళ్ళీ చదివాను. ఎవరో సభ్యురాలు వచ్చి వంటల పుస్తకాలు ఎక్కడున్నాయని అడిగితే చరిత్ర వరస చూపించాను.

జూన్ 18, బుధవారం

శనివారం చెప్పేస్తాను. నిదానం వచ్చాక, అందరి ముందూ. తేలికగా, నవ్వుతూ. 'ఒరేయ్, ఒక తమాషా జరిగింది తెలుసా' అని మొదలుపెడితే సరిపోతుంది.

జూన్ 21, శనివారం

నిదానం రాలేదు.

లాయరు తీగల ముందు కూర్చుని చెమటలు కక్కాడు. ఎర్రది ఎర్రకీ నల్లది నల్లకీ ఉన్నాయని తీగల్ని వదిలేసి బ్యాటరీ మార్చాడు, చక్రాలు మార్చాడు, ఆఖరికి అల్లుడి దిశ కూడా మార్చి ఉత్తరంగా పెట్టాడు. ఉత్తరంగా కూడా గిర్రున తిరిగాడు. ప్రోగ్రాం తెరిస్తే మైనస్ గుర్తు కనిపించింది. "ఇదెందుకుందో తెలియదు. తీస్తే ఇంకేం కొంప మునుగుతుందో. ముట్టుకోవద్దు" అన్నాడు. కవలలు తలూపారు. నిదానం లేకపోయినా ఆమె పెట్టిన గుర్తంటే వాళ్ళకి భయం, గౌరవం. తీగలు మాత్రం ఆమె తప్పు!

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. జవాబు నా నోట్లో ఉంది. చెబితే 'మీకెలా తెలుసు' అంటాడు లాయరు. వాడు అడగకుండా వదిలే రకం కాదు.

పని పుస్తకం వాళ్ళ ముందుకు తోద్దామనుకున్నాను. చదివితే వాళ్ళకే తెలుస్తుంది, తీగలు ఎవరో మార్చారని. ఎవరో. ఆ 'ఎవరో' దగ్గర నా చెయ్యి ఆగిపోయింది.

మాస్టారు వెళ్తూ వెళ్తూ, "ఆ బక్క పిల్ల ఏదమ్మా? అది ఉన్నప్పుడు ఇంత చప్పుడుండేది కాదు" అన్నారు.

నేనేదో చెప్పాను. ఆయన విన్నారు. నమ్మినట్టు లేదు.

జూన్ 22, ఆదివారం

అక్క ఫోను చేసింది. ఎత్తలేదు.

జూన్ 24, మంగళవారం

దర్జీ కొట్టుకి వెళ్ళాను. ఉత్త చేతులతో వెళ్తే బాగుండదని కుట్టు ఊడిన జాకెట్టు ఒకటి పట్టుకెళ్ళాను. కుట్టు ఊడకపోతే నేనే ఊడదీసి ఉండేదాన్ని.

దర్జీగారు మిషను ఆపారు. "పిల్ల లోపలుంది మేడమ్. ఇక రానంటోంది. నాకు సరిగ్గా రాదు, నేనుంటే వాళ్ళు ఓడిపోతారు అంటోంది. నేను బలవంతం చెయ్యలేదు. పోనీలెండి, బొత్తాలైతే బాగా కుడుతుంది."

"తప్పు తనది కాదేమోనండీ" అన్నాను. ఇంకా 'ఏమో' అనే అంటున్నాను!

ఆయన జాకెట్టు తిరగేసి చూస్తూ అన్నారు: "మా పనిలో ఒకటుంది మేడమ్. బట్ట బిగుతైతే కొంతమంది దర్జీలు, 'మీరే లావయ్యారండీ' అంటారు. ఆ మాట పట్టుకుని ఆ మనిషి నెల రోజులు తిండి మానేస్తుంది. కొలత తప్పింది నా వల్లైతే నేనే చెప్పేస్తా. విప్పి కుడితే పోయేదానికి మనిషిని ఎందుకు మాడ్చడం?"

ఆయన నా గురించి అనలేదు. ఆయనకేం తెలుసు? కానీ నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

నిదానం తెర పక్కకి జరిపి వచ్చింది. వేలికి సూది గుచ్చుకోకుండా అంగుస్తానా. నవ్వుతూ, తేలికగా, తమాషాగా చెబుదామనుకున్నవన్నీ ఎటో పోయాయి.

"తీగలు నేనే మార్చాను" అన్నాను. "శుక్రవారం సాయంత్రం. సరిచేస్తున్నాననుకున్నాను. నువ్వు రాసింది చదవలేదు. నీ మీద తప్పు పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

దర్జీగారు మా ఇద్దరినీ చూసి, ఉన్నట్టుండి దారం తేవాలని గుర్తొచ్చి బయటికి వెళ్ళిపోయారు. చుట్టూ వంద దారపు ఉండలున్నాయి.

"నాకు తెలుసు మేడమ్" అంది నిదానం.

"తెలుసా?"

"తెల్ల దారంతో ముడి వేశారు కదా. పుస్తకాలకి వేసే ముడి. అది మీకొక్కరికే వచ్చు."

అందుకా ఆ రోజు నావైపు చూసింది! "మరి ఎందుకు చెప్పలేదమ్మా? వాడు అన్ని మాటలంటుంటే?"

అంగుస్తానా తీసి, మళ్ళీ పెట్టుకుంది. పది నిమిషాలు చూసి తీగ కలిపే పిల్ల, జవాబుకి కూడా అంతే సమయం తీసుకుంది.

"నేను చెప్తే మీరు ఒప్పుకుంటారు. అప్పుడు అది నేను చెప్పినట్టవుతుంది. మీరే చెప్తారేమోనని చూశాను." తెర కొస పట్టుకుని, "శనివారం దాకా చూశాను. ఆ తర్వాత చూడ్డం మానేశాను" అంది.

పెద్ద మాటలేవీ అనలేదు. నాకు చెంపదెబ్బ కొట్టినా ఇంత తగిలేది కాదు.

"ఇప్పుడు వస్తావా?"

"అందరి ముందూ చెప్తారా?"

"చెప్తాను."

"పని పుస్తకంలో కూడా రాయాలి. ఏం చేశారు, ఎందుకు చేశారు."

'ఎందుకు' అన్నది నా నియమమే.

జాకెట్టు అక్కడే మర్చిపోయి వచ్చేశాను.

జూన్ 25, బుధవారం

విచారణ జరిగింది.

పిల్లలందర్నీ స్కూలు వదిలాక రమ్మన్నాను. పని పుస్తకం తీసి, వాళ్ళ ముందే రాశాను: "జూన్ 13. ఎడమ మోటారు తీగలు మార్చాను. పుస్తకం చదవకుండా మార్చాను. ఎందుకంటే" దగ్గర పెన్ను ఆగింది. ఆఫీసరు ముందు బాగుండాలని, అని రాయబోయాను. అది సగం నిజమే. చివరికి "నాకు బాగా తెలుసనుకున్నాను" అని రాశాను.

లాయరు లేచి నిలబడ్డాడు. "మేడమ్, పదమూడో తేదీ సాయంత్రం ఈ గదిలో మీరొక్కరే ఉన్నారా?"

"ఉన్నాను."

"గోడ మీద ఉన్న అట్ట మీకు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"దాన్ని రాసిందెవరు?"

"నేనే రా."

"'రా' అనకూడదు మేడమ్, కోర్టులో ఉన్నాం."

కవలలు కిందపడి నవ్వారు. గుమ్మంలోంచి మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకుని, "ముద్దాయి నేరం ఒప్పుకున్నాక ఇంకా ప్రశ్నలేమిటోయ్? ముందు నువ్వు ఆ పిల్లకి ఏం చెబుతావో చెప్పు" అన్నారు.

లాయరుకి మాట పడిపోయింది. చరిత్రలో మొదటిసారి. గోళ్ళు చూసుకున్నాడు, పైకప్పు చూశాడు. "పుస్తకం నేనూ చదవలేదు" అన్నాడు చివరికి. "తీగలు నువ్వే చూడు. నాకు అసలు అర్థం కాలేదు."

"తెలుసు. ఉత్తరంగా పెట్టావంట కదా" అంది నిదానం.

అప్పుడు నవ్వొచ్చింది నాకు. పన్నెండు రోజుల నవ్వు.

ఆమె దారం ముడి విప్పింది. తెంపలేదు, విప్పింది. తీగలు మళ్ళీ తారుమారు చేసింది. అల్లుడు బుద్ధిగా టేపు మీద నడుచుకుంటూ బీరువా దాకా వెళ్ళి ఆగాడు.

నాకు శిక్ష: పోటీ రోజు మొదటి నుంచి చివరి దాకా చేతులు వెనక్కి.

జూన్ 28, శనివారం

పోటీ అయింది. నాలుగు లైబ్రరీల్లో మూడో స్థానం. "కింది నుంచి రెండోది అనడం కంటే బాగుంది" అన్నాడు లాయరు.

పొద్దున్నే వాడు ఆ తెల్ల దారంతోనే నా చేతులు వెనక్కి కట్టాడు, గాజులంత వదులుగా. పక్క లైబ్రరీలవాళ్ళు వింతగా చూశారు. మాస్టారు నాకు మంచినీళ్ళు పట్టించారు. పేపరు చదవకుండా వచ్చారీయన, ఈ పోటీ కోసం!

మొదటి రౌండు బాగా నడిచాడు అల్లుడు. రెండో రౌండు ముందు నిదానం వాణ్ణి టేపు మీద పెడుతుంటే చూశాను. కింద, గీతను చూసే కన్నుంటుంది కదా, దాన్ని అంటించిన పట్టీ ఒక కొస లేచింది. కన్ను కాస్త ఒరిగింది. నాకు కనిపించింది. వాళ్ళకి కనిపించలేదు.

చేతులు కట్టి ఉన్నాయి. నోరు కట్టి లేదు.

'అడగొచ్చు' అనుకున్నదీ నేనే. 'అంతా చూసుకున్నారా' అని అడగొచ్చు. కానీ ఏ గొంతుతో అడిగినా నిదానం అర్థం చేసుకుంటుంది, వెంటనే కింద చూస్తుంది. అప్పుడది అడగడమా, వేలు పెట్టడమా? ఆలోచిస్తున్నాను. నేను ఆలోచిస్తుండగానే ఈల వేశారు.

ఆఖరి మలుపులో అల్లుడు గీత వదిలేసి జనంలోకి నడిచాడు, పెళ్ళికి వచ్చిన వాళ్ళందర్నీ పలకరించడానికన్నట్టు. నిదానం పరిగెత్తి ఎత్తుకుంది. అది పరిగెత్తగా మొదటిసారి చూశాను. బోర్లా తిప్పి, పట్టీ నొక్కి, మళ్ళీ మొదట్లో పెట్టింది. రెండోసారి ఎక్కడా ఆగలేదు. కానీ సమయం అయిపోవచ్చింది.

అయ్యాక లాయరు నా దారం విప్పుతుంటే నిదానం వచ్చి నిలబడింది.

"పట్టీ లేచిందని మీరు ముందే చూశారా మేడమ్?"

అబద్ధం చెప్పే అవకాశం ఇప్పుడు నాకు లేదు. "చూశాను."

"మరి చెప్పలేదేం!"

"మీరే చూసుకోవాలని..."

"అయ్యో మేడమ్! ముట్టుకోవద్దన్నాం గానీ మాట్లాడొద్దన్నామా?" నిజంగా కోపం వచ్చింది దానికి. ముఖమంతా ఎర్రగా. ఇన్ని వారాల్లో నేను చూసిన మొదటి కోపం అది. ఆ రోజు అంత జరిగినా రానిది, ఇవాళ ఒక పట్టీ కోసం వచ్చింది.

దర్జీగారు వెనక నుంచి, "ఏయ్, పెద్దవాళ్ళతో అలా మాట్లాడతారా?" అన్నారు. గొంతులో గర్వం దాచుకోలేకపోయారు. నా జాకెట్టు ఇచ్చారు. కుట్టు ఎక్కడ ఊడిందో కనిపించడం లేదు.

వెళ్తూ వెళ్తూ నిదానం వెనక్కి తిరిగి, "వచ్చే శనివారం ఎర్ర తీగ పొడుగుది తెప్పించండి. అప్పుడు అన్నీ సరైన చోట పెడతాను" అంది.

జూన్ 29, ఆదివారం

మధ్యాహ్నం అక్కకి ఫోను చేశాను. అల్లుడి కథంతా చెప్పాను, ఆఫీసరు ముందు వాడి డాన్సు దగ్గర నుంచి నిన్నటి తిట్ల దాకా. అక్క కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "ఏమే, చిన్నప్పటి నుంచీ నీకు స్క్రూడ్రైవరు కనిపిస్తే చెయ్యి ఆగదు కదా!" అంది.

ముడి సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వడం ఆపింది.

"చూడగానే తెలిసిపోయిందా దానికి?"

"ఆ. నా ముడేనని."

"తెలివైన పిల్ల." తర్వాత గొంతు తగ్గించింది. "తెలిసీ అడగలేదా?"

"అడగలేదు. నేను చెప్పేదాకా చూసింది."

"ఊఁ" అంది అక్క. నేను గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. మాట నాలుక చివర ఉంది. ఆమె నాలుక చివర కూడా ఉందేమో. "పాలు పొంగుతున్నట్టున్నాయే, ఉంటాను" అంది.

మూడింటికి పాలేమిటి? టీ కోసమేమో. అక్క మూడింటికి టీ తాగుతుందా? ఇరవై ఏళ్ళ క్రితం తాగేది కాదు. అలవాట్లు మారతాయి.

నిదానంలా నేనూ ఆమే చెప్పాలని చూస్తున్నానా? నిదానం రెండు శనివారాలు చూసింది, నేను ఇరవై రెండేళ్ళు చూశాను. ఇంతకాలం చూడటాన్ని ఓర్పు అంటారా? నిన్నటిదాకా అక్క వేలు పెట్టిందేమోనని కోపంగా ఉండేది. నిన్న ఆ పట్టీ లేచిన కొసని చూస్తూ నోరు మూసుకుని నిలబడ్డాక, టైపు చేస్తూ చేస్తూ నా పేరా దగ్గర అక్క వేళ్ళు ఆగి ఉంటే ఆమెకెలా ఉండి ఉంటుందో కొంచెం తెలిసింది. నాతో చెబుదామన్నా నేను జ్వరంతో పడుకుని ఉన్నాను. మర్నాడే గడువు.

అక్కే రాసిందని తేలితే ఆమెకి దండం పెట్టాలో, పోట్లాడాలో తెలియదు. నేనే రాశానని తేలితే ఇన్నేళ్ళూ ఆమెని అనుమానించినదాన్నవుతాను, అది ఎలా సర్దుకోవాలో అసలు తెలియదు.

వచ్చే నెల అక్క వస్తానంది, అల్లుణ్ణి చూడ్డానికి. అప్పుడు అడుగుతానా? చాలాసేపటి నుంచి ఇదే ఆలోచిస్తూ కూర్చున్నాను. అడగాలనుందో లేదో కూడా తేల్చుకోలేకపోతున్నాను.